చిత్తరువులో వాన

వానను వర్ణింపని తెలుగు కవి లేడు. వానను చిత్రించిన తెలుగు చిత్రకారుడు అరుదు. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడి, కుంభవృష్టి, గాలివాన, వడగండ్లవాన అని ఒక్కొక్క వానకు ఒక్కొక్క పేరు పెట్టుకొన్న జాతి, ఆ వానలకు గోడమీద గాని గుడ్డమీద గాని తగిన రూపమును కల్పించుకొన్నది తక్కువ. దీనికి కారణము లేకపోలేదు. పడుచున్న నీటికి రంగు లేదు, నిలుకడ లేదు, అంచు లేదు. కొండను చూచి గీయవచ్చును; చెట్టును చూచి గీయవచ్చును. వాన ఆ రెంటిని కప్పివేయునదే కాని తానొక వస్తువై కుంచె యెదుట నిలుచునది కాదు.

పందొమ్మిదవ శతాబ్దములో జపాను దేశపు చెక్క అచ్చు చిత్రకారులు ఈ చిక్కును విప్పిరి. వారు వానకు గీతను ఇచ్చిరి. ఆకాశమునుండి నేలకు దిగు సన్నని గీతలే వాన. ఈనాడు ఏ దేశపు బడిపిల్లవాడైనను నాలుగు ఏటవాలు గీతలు గీసి ఇది వాన అనును. చూచినవారు ఔననియే ఒప్పుకొందురు. కాని ఇంత తేలికగా కనిపించు ఈ సంకేతము అన్ని దేశములందు అన్ని కాలములందు ఉన్నది కాదు. ఐరోపా చిత్రకారులు శతాబ్దముల తరబడి తుపానులను, కారుమబ్బులను ఘనముగా చిత్రించిరి; పడు ధారను గీతగా చూపినవారు మాత్రము కొలదిమందియే. కరవుసీమగా పేరుపడిన కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములందలి కళాభిమానులకు ఈ గీత చరిత్ర కేవలము దూరదేశపు ముచ్చట కాదు. వాన కొరకు ఏటేటా ఆకాశమువంక చూచు నేలకు, ఆ వానను చూచుట నేర్పు కళతో పని యున్నది.

జపానులో సైతము ఈ గీత ఒక్కనాడు పుట్టినది కాదు. చీనానుండి వచ్చిన సిరా చిత్రకళలో వాన యనగా తడి. కొండ సగము మాయమైనచో, దూరపు చెట్లు నీళ్లలో కలిసినట్లు పలుచబడినచో వాన కురియుచున్నదని భావము. చీనాలో షియావో, షియాంగ్ నదుల సీమను ఎనిమిది దృశ్యములుగా చిత్రించు సంప్రదాయము వెలసినది. వానిలో రాత్రివాన ఒకటి. జపానువారు ఆ ఎనిమిదింటిని తమ బివా సరస్సు తీరమునకు తెచ్చుకొని, ఒమి సీమ అష్టదృశ్యములుగా మలచుకొనిరి. భావము పరదేశపుదే, కాని ఊరు తమది, చెట్టు తమది, వాన తమది. ఇతరులనుండి నేర్చుకొనుట యెట్లో, నేర్చుకొన్నదానిని సొంతము చేసికొనుట యెట్లో ఈ ఒక్క ఉదాహరణము చాలును.

వానగీతకు పరిపూర్ణత కలిగించినవాడు హిరోషిగే. ఆయన 1797లో, నేడు టోక్యో యని పిలువబడు ఎడో నగరములో జన్మించెను. ఆయనది వంశపారంపర్యముగా అగ్నిప్రమాదములనుండి నగరమును కాపాడు కొలువు. తండ్రి పిమ్మట బాల్యములోనే ఆ బాధ్యత ఆయనపై పడినది. నిప్పును ఆర్పు ఇంట పుట్టినవాడు నీటిని చిత్రించి కీర్తి గడించుట విశేషమే. ఎడో, క్యోటో నగరముల నడుమ సాగు తోకైదో రాజమార్గమునందలి యేబదిమూడు మజిలీలను ఆయన 1833, 1834 ప్రాంతములలో వరుస చిత్రములుగా వెలువరించెను. అందులో షోనో మజిలీ చిత్రము హఠాత్తుగా విరుచుకుపడిన వానది. బాటసారులు వాలుగా నున్న దారిని పైకి క్రిందికి పరుగెత్తుచున్నారు. ఒకడు గొడుగును గాలికెదురుగా పట్టి వంగినాడు. పల్లకీ మోయువారు తలలు వంచుకొని అడుగులు వేయుచున్నారు. వెనుక వెదురు పొదలు గాలికి వరుసలు వరుసలుగా వంగి, దగ్గరివి నల్లగా, దూరమువి బూడిదవన్నెగా కనిపించును. ఎవరి ముఖమును స్పష్టముగా తెలియదు. అయినను ప్రతి వెన్నును తడిసినదని చూచువానికి తెలియును.

1857లో, మరణమునకు ఒక్క సంవత్సరము ముందు, ఆయన ఓహాషి వంతెన మీది వానను చిత్రించెను. అది ఎడో నగరపు ప్రసిద్ధ దృశ్యముల మాలికలోనిది. సుమిద నదిపై కొయ్యవంతెన. ఆవలి గట్టు చీకటి ముద్ద. వంతెనపై గొడుగుల క్రింద, చాపల క్రింద ఒదిగి పరుగులిడు కొలదిమంది. నదిలో తెప్పను నడుపుకొనుచు పోవు ఒంటరి మనిషి. ఆ దృశ్యమంతటిమీద పైనుండి క్రిందివరకు వానగీతలు. ఆ గీతలన్నియు ఒకే వాలున ఉండవు. కొన్ని ఒక కోణమున, కొన్ని మరియొక కోణమున దిగును. గాలి మాటిమాటికి దిక్కు మార్చుచున్నదని ఆ స్వల్ప భేదమే చెప్పును. గాలిని గీయకయే గాలిని చూపిన నేర్పు ఇది.

ఈ గీతను గీచుట కంటె చెక్కుట కష్టము. చిత్రకారుడు కాగితముమీద కుంచెతో లాగిన గీత ఒక్క నిమేషము పని. చెక్క అచ్చులో దానికి వేరొక విధి యున్నది. చెక్కుపనివాడు చిత్రము గీసిన పలుచని కాగితమును చెర్రీ చెక్కపలకకు బోర్లించి అంటించును. అచ్చులో ఏది నల్లగా పడవలెనో అది చెక్కపై ఎత్తుగా నిలిచి యుండవలెను. అనగా వానగీతను ఎవడును తవ్వడు. వానగీత కాని దానినంతటిని తవ్వి తీసివేయును. వెంట్రుకవంటి చెక్క గట్లు వందలకొలది, ఒకదాని ప్రక్క ఒకటి, విరుగక నిలువవలెను. కత్తి ఒక్క చోట జారినచో అక్కడ వాన తెగిపోవును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక. వానకు ప్రత్యేకముగా పలకలు. అన్ని పలకలును కాగితముమీద వెండ్రుకవాసి తప్పక ఒకే చోట పడుటకై పలకల మూలలందు గురుతులు చెక్కుదురు.

పిమ్మట అచ్చువేయువాని పని. కాగితము మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసినది, అది దృఢమైనది. దానిని ముందుగా తేమ చేయుదురు. పొడి కాగితము రంగును పీల్చుకొనజాలదు. వెదురు పొర చుట్టిన గుండ్రని బిళ్లతో కాగితము వీపును చేతితో రుద్దుదురు, యంత్రము లేదు. ఓహాషి చిత్రము పైభాగమున కనిపించు కారుమబ్బు పట్టీ పలకపై చెక్కినది కాదు. అచ్చువేయువాడు ప్రతి పర్యాయము చేతితో రంగు పూసి, ఒక అంచున తుడిచి, నలుపును క్రమముగా పలుచబరచి తెచ్చినది. అందువలననే ఒకే పలకలనుండి వచ్చిన రెండు ప్రతులలో మబ్బు ఒక్కరీతిగ ఉండదు. చిత్రకారుడు, చెక్కుపనివాడు, అచ్చువేయువాడు, పెట్టుబడి పెట్టి అమ్మించు ప్రకాశకుడు, ఈ నలుగురి చేతులు కలిసినగాని ఆ వాన కురియలేదు. కీర్తి హిరోషిగే పేరున నిలిచినది. ఆ గీతలను నిలిపిన కత్తి పట్టినవారి పేర్లు చాలవరకు చరిత్రలో తడిసి చెరిగిపోయినవి.

ఈ చిత్రములు రాజభవనముల కొరకు పుట్టినవి కావు. సామాన్యుడు స్వల్పమైన వెలకు కొనుక్కొని ఇంటికి తీసికొనిపోవుటకు పుట్టినవి. కొనువాడెవడో చిత్రములోని మనుష్యులును వారే: మోతకూలి, బాటసారి, తెప్పనడుపువాడు. భారతీయ చిత్రకళలో వాన లేదనుట సరికాదు. రాజస్థాన, పహాడీ సూక్ష్మచిత్రములలో కారుమబ్బులున్నవి, మెరుపుతీగలున్నవి, ముత్యాల సరములవలె దిగు చినుకులున్నవి. కాని అక్కడ వాన సాధారణముగా మరియొకరి కథకు సేవ చేయును. విరహిణి నిట్టూర్పునకు తోడుగా, రాగమునకు రూపముగా, ఇంద్రుని కోపముగా, గోవర్ధనోద్ధారణమునకు హేతువుగా అది వచ్చును. తడిసిన మూటను తలపై నెత్తుకొని ఇంటికి పోవు మనిషి కొరకు మాత్రమే కురిసిన వాన అక్కడ అరుదు. హిరోషిగే వానకు ఇతర ప్రయోజనము లేదు. అది వాన, దానిలో మనుష్యులు తడియుచున్నారు. అంతియే.

తెలుగు సాహిత్యమున ఇట్టి చూపు లేకపోలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కావించిన వర్షర్తు వర్ణనము ఇందుకు సాక్షి. చక్రవర్తి యయ్యును ఆయన మేడమీదినుండి మబ్బులను చూచి ఊరకొనలేదు. తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయు ఇల్లాలి అవస్థ మొదలు పొలములోని కాపువాని బ్రదుకువరకు ముసురునాటి పల్లెను వెదకి వెదకి చూచెను. ఆయన యేలుబడి 1509 నుండి 1529 వరకు. ఆయన అనంతరము అచ్యుతదేవరాయల కాలములో, హిందూపురమునకు సమీపమున, లేపాక్షి వీరభద్రాలయమున కప్పు నిండ వర్ణచిత్రములు వెలసినవి. కిరాతార్జునీయము, పార్వతీ కల్యాణము, మనునీతి చోళుని కథ, వటపత్రశాయి అందు ప్రసిద్ధములు. ఆ చీరల అంచులు, ఆ కిరీటములు, ఆ వనవరాహము నేటికిని కన్నులను కట్టివేయును. కాని ఆ ప్రసిద్ధ చిత్రములలో వాన కథావస్తువు కాదు. ఇంచుమించు ఒకే తరములో, ఒకే సామ్రాజ్యమున, కవి కంటికి కట్టినట్లు చూపిన వానను చిత్రకారుడు కప్పుమీదికి తేలేదు. అది అతని లోపము కాదు. అతడు దేవుని కథ చెప్పుటకు నియుక్తుడు. కాని ఆ ఖాళీ ఖాళీగనే మిగిలినది. విజయనగర ప్రభువులు 1565 పిమ్మట పెనుకొండకు తరలివచ్చిరి. సామ్రాజ్యము వచ్చినది, పోయినది. వాన చిత్తరువు మాత్రము రాలేదు.

జపానుకును తెలుగుదేశమునకును సంబంధము లేదని తలచుట పొరపాటు. పదునేడవ శతాబ్దమున డచ్చి వర్తకులు మచిలీపట్టణమునుండి రంగుల అద్దకపు వస్త్రములను తూర్పు దేశములకు కొనిపోయిరి. కోరమండల తీరపు వస్త్రములు జపాను చేరి, అక్కడ సరస యను పేర మన్నన పొందినవి. కృష్ణా తీరమున పెడనలో నేటికిని టేకుచెక్కపై పూలను, తీగలను చెక్కి బట్టపై అద్దుచున్నారు. ఇక్కడ టేకు, అక్కడ చెర్రీ. ఇక్కడ బట్ట, అక్కడ కాగితము. చెక్కను తవ్వి గీతను నిలుపు విద్య ఒక్కటే.

రెండవ సంబంధము చిత్రకళది. 1903లో యోకొయామ తైకాన్, హిషిద షున్సో అను జపాను చిత్రకారులు కలకత్తాకు వచ్చిరి. వారి సాంగత్యమున అవనీంద్రనాథ ఠాగూరు తడి రంగులను పొరలు పొరలుగా పరచి, కడిగి, మంచువంటి మృదుత్వమును సాధించు పద్ధతిని రూపొందించుకొనెను. ఆ వంగ సంప్రదాయము ప్రమోదకుమార ఛటర్జీ మూలమున మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరినది. అడవి బాపిరాజు వంటివారు అక్కడ శిక్షణ పొందిరి. విచిత్రమేమనగా, జపానునుండి తెలుగునాటికి చుట్టుదారిన వచ్చినది మంచు, గీత రాలేదు. చెక్క అచ్చులకు పుట్టినిల్లు వంటి పట్టణములోనే తడిరంగుల కళ వేళ్లూనినది కాని, ఆ చెక్కపై వానను చెక్కవలెనను తలపు సంప్రదాయముగా పరిణమింపలేదు.

ఇప్పుడు కదిరి వైపు చూడవలెను. అవిభక్త అనంతపురము జిల్లాకు సాధారణ వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. టోక్యో నగరమునకు సుమారు 1500. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలలో తన నీటిని చాలవరకు వదలి, తేలికపడిన మబ్బులతో ఈ సీమ మీదుగా సాగిపోవును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము కోల్పోవును. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనికి కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురము చేరినవి. జిల్లా పేరు మారినది కాని ఆకాశము మారలేదు.

ఇచ్చటి రైతు వానను మిల్లీమీటర్లలో లెక్కింపడు, పదునులో లెక్కించును. నేల ఎంత లోతు తడిసినది, నాగలి దిగునా, విత్తు మొలచునా అనునదే పదును. మృగశిర, ఆరుద్ర, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త అని కార్తెల పేర్లతో అతడు వానలను గుర్తించును. వేరుసెనగ పైరునకు విత్తునాడు ఒక వాన, ఊడలు దిగునాడు ఒక వాన, కాయ ఊరునాడు ఒక వాన కావలెను. పూచిన పువ్వునుండి ఊడ క్రిందికి సాగి మెత్తని నేలలోనికి చొచ్చుకొనిపోయినగాని కాయ పుట్టదు. నేల గట్టిపడినచో ఊడ పైననే ఎండిపోవును. కదిరి వ్యవసాయ పరిశోధనాస్థానము తన యూరి పేరుతో వెలువరించిన వేరుసెనగ వంగడములు దేశమున పేరెన్నికగన్నవి. వానిలో ఒకదాని పేరు కదిరి లేపాక్షి. బెట్టను తట్టుకొను విత్తును కనిపెట్టుట ఎంత అవసరమో, ఆ బెట్టను ముగించు వానను కన్నులార చూచి గుర్తుంచుకొనుటయు ఈ నేలకు అంత అవసరము.

అయినచో హిరోషిగే గీతను తెచ్చి కదిరి కొండలపై పరచిన చాలునా? చాలదు. వాన సమృద్ధిగా నున్న చోట మనిషి వాన లోపల నిలిచి వానను చూచును. వాన కరవైన చోట మనిషి తరచుగా వాన వెలుపల నిలిచి వానను చూచును. విశాలమైన మెట్టభూములలో వాన దూరమున కనిపించును. ఆ యూరిమీద పడుచున్నది, ఈ యూరిమీద పడుటలేదు. రెండు చేల నడుమ గట్టు దగ్గరనే ఆగిపోయిన వానలున్నవి. తెలుగుభాష ఇట్టి వానధారలకు వానకాళ్లు అని పేరు పెట్టినది. మబ్బు తన కాళ్లతో నేలపై నడచి వచ్చుచున్నదనియో, నడచి పోవుచున్నదనియో ఆ మాటలో భావము. జపాను చెక్కుపనివాడు కత్తితో నిలిపిన గీతకు తెలుగువాని నాలుకపై ఏనాటినుండియో పేరున్నది, చిత్రమే లేదు.

ఈ దూరపు చూపునకు జపానులోనే మరియొక ఆదర్శము కలదు. హిరోషిగే కంటె పెద్దవాడైన హొకుసాయి 1830 ప్రాంతమున ఫూజీ పర్వత చిత్రమాలికలో శిఖరము క్రింది వానను చిత్రించెను. అందు ఒక్క వానగీతయు లేదు. పర్వతాగ్రము ఎండలో ప్రశాంతముగా వెలుగుచుండగా, పాదమున చీకటిని చీల్చుచు ఎఱ్ఱని మెరుపు వంకరలు తిరిగినది. పైన ఎండ, క్రింద వాన. ఒకే చిత్రములో రెండు వాతావరణములు. కదిరి ప్రాంతపు చిత్రకారునికి ఓహాషి వంతెన కంటె ఈ చిత్రము దగ్గరి చుట్టము కావచ్చును. సగము చిత్రమున వాన, సగము చిత్రమున ఎండ. ఆ ఎండలో నిలిచి వాన వైపు చూచు మనిషి వెన్ను. ఆ వెన్నులో ఆశయు ఉండును, అసూయయు ఉండును.

హిరోషిగేది మరియొక వాన కలదు: ఒమి అష్టదృశ్యములలోని కరసకి రాత్రివాన. సరస్సు గట్టున మహావృక్షమైన ఒక పైన్ చెట్టు. దానిపై నిట్టనిలువుగా దిగు సన్నని గీతలు. చెట్టు కొండంత నల్లని ముద్దగా నిలిచినది; దాని క్రింద మనుష్యులు కనిపింపరు. కదిరికి సమీపమున గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు వ్యాపించి యున్నది. ప్రపంచమున మిక్కిలి విశాలమైన మర్రిగా 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. సహగమనము చేసిన తిమ్మమ్మ చితి చోట ఆ మాను మొలచెనని ఐతిహ్యము. ఆ మానుమీద వాన కురియునపుడు చూడదగిన దృశ్యము ఒకటి యున్నది: మబ్బునుండి వానకాళ్లు, కొమ్మలనుండి మర్రి ఊడలు, చుట్టునున్న చేలలో వేరుసెనగ మొక్కలనుండి నేలను వెదకు ఊడలు, మూడును పైనుండి క్రిందికి దిగు గీతలే. మాను ఊడకును మొక్క ఊడకును తెలుగు రైతు ఒకే మాట వాడెను. నేలను తాకుటకు దిగు ప్రతి గీతలోను ఒక ప్రాణము ఆధారపడి యున్నదని ఈ సీమ ప్రకృతియే బోధించుచున్నది. ఇంతటి వస్తువు కరసకి చెట్టునకు తీసిపోదు.

కరవుసీమలో వాన చిత్తరువు విలాసము కాదా యని ఆక్షేపించువారుందురు. ఆక్షేపణ న్యాయమైనదే. కాగితముపై గీసిన వాన గింజను మొలిపింపదు. కాని లోకము ఈ సీమను గూర్చి ఎరిగిన చిత్రము ఏది? పగుళ్లు బారిన చెరువు నేల. నుదుట చేయి అడ్డము పెట్టుకొని ఆకాశమువంక చూచు ముసలిరైతు. పత్రికలలో, ప్రదర్శనలలో, నివేదికల అట్టలపై ఈ చిత్రమే మరల మరల కనిపించును. అది అసత్యము కాదు. కాని సంపూర్ణ సత్యము కాదు. ఈ నేల ఎండినది గనుక ఎండినట్లే ఉండునని చూచువాడు నమ్మును. కాలక్రమమున ఆ నేలపై పెరిగిన పిల్లవాడును దానినే నమ్మును. ఒక సీమకు దాని లేమిని మాత్రమే ముఖముగా నిలుపుట దానికి చేయు అన్యాయము. తొలకరి పదునైన నాడు ఆ ఎఱ్ఱనేల మారు రంగును, గొఱ్ఱు కట్టిన ఎడ్ల వెనుక వంగిన మనుష్యులను, చెరువు తూము దగ్గర గుమిగూడిన ఊరిని చిత్రించిననాడు కరవు మరుగున పడదు. పోయినది ఏమో తెలిసినగాని కరవు బరువు తెలియదు.

పరుల చిత్రమును ఎట్లు అనుసరింపవలెనో, ఎట్లు అనుసరింపరాదో తెలిసికొనుటకు వాన్ గో ఉదాహరణము కలదు. ఆ మహాచిత్రకారుడు 1887లో పారిసులో ఓహాషి వంతెన వానను తైలవర్ణములతో తిరిగి వ్రాసెను. గీతలు లావెక్కినవి; నీరు పచ్చదనము పట్టినది; చుట్టును ఇతర జపాను చిత్రములనుండి ఎత్తివ్రాసిన అక్షరములను అలంకారముగా కూర్చెను. ఆ ప్రతి హిరోషిగే చిత్రమును మించలేదు. మించవలెనని ఆయనయు తలచి యుండడు. ఆ అభ్యాసమునుండి ఆయన గ్రహించినది మాత్రము ఆయన సొంత చేలపై, సొంత ఆకాశముపై పనిచేసినది. ప్రతి వ్రాయుట పాఠము. అక్కడనే నిలిచిపోవుట దాస్యము. ఎడో వంతెనను కదిరిలో గీచినందువలన లాభము లేదు. ఎడో చిత్రకారుడు తన వంతెనను చూచిన శ్రద్ధతో మద్దిలేటి గట్టును చూచిననాడు లాభము.

సాధనములు దూరమున లేవు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో మేకతోలును పారదర్శకముగా చేసి, రంగులు వేసి, సన్నని రంధ్రములు పొడిచి బొమ్మలు చేయు కుటుంబములున్నవి. ఆ విద్యకు గాను దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారము నందెను. తోలుబొమ్మ ఆటలో దీపము బొమ్మ వెనుక నుండును. పొడిచిన ప్రతి రంధ్రము తెరపై వెలుగుచుక్క యగును. జపాను చెక్కలో నిలిచిన గట్టు నల్లని వాన; నిమ్మలకుంట తోలులో పొడిచిన రంధ్రము తెల్లని వాన. ఒకటి ఉంచుటచేత, మరియొకటి తీసివేయుటచేత ఒకే చోటికి చేరును. రామాయణ భారతములను నడిపించిన ఆ తోలుపై ఒక ఊరి తొలకరి నిలువజాలదా? కళాకారులకు ఆ పని అప్పగించు సంస్థలును, దానిని కొనువారును ఉన్నచో నిలువగలదు. దీపముల ఛత్రములుగా, గోడ అలంకారములుగా అమ్ముడుపోవుచున్న తోలునకు ఒక కొత్త వస్తువు దొరకినచో చేతిపనికి కొంత గౌరవము, కొంత కూలి పెరుగును.

పాఠశాలల విషయము మరింత ముఖ్యము. చిత్రలేఖనము గంటలో ఏ యూరి పిల్లవానికైనను రెండు కొండలు, వాని నడుమ సూర్యుడు, ఒక నది, ఒక కొబ్బరిచెట్టు, ఒక పాక నేర్పుట అలవాటు. కొబ్బరిచెట్టు లేని ఊరి పిల్లవాడును కొబ్బరిచెట్టునే గీయును. అతని గుమ్మము ముందు నిలిచిన చింతచెట్టు, కానుగచెట్టు చిత్రములోనికి రావు. తాను చూచినది చిత్రమునకు తగదని అతడు పసితనములోనే నేర్చుకొనుచున్నాడు. చిన్న చెక్కముక్క, ఒక పదునైన ఉలి, కొంచెము సిరా, ఒక గంట వాన: అచ్చు చిత్రమునకు ఇంతకంటె ఎక్కువ ఖర్చు లేదు. ఒక్కొక్క కార్తెకు ఒక్కొక్క అచ్చు చొప్పున కదిరి పిల్లలు ఏటేటా తమ వానలను చెక్కి దాచినచో, పది యేండ్లకు అది వర్షమాపకము చెప్పలేని సంగతులు చెప్పు పంచాంగ మగును. ఏ యేడు మృగశిర అచ్చు ఖాళీగా మిగిలినదో, ఏ యేడు హస్తలో పలక పట్టలేనన్ని గీతలు పడినవో పిల్లల చేతివ్రాలు సాక్ష్యము చెప్పును. కార్తెల పేర్లు, పదును వంటి మాటలు వాడుకనుండి జారిపోవుచున్న ఈ కాలమున వానిని నిలుపుటకు ఇది యొక త్రోవ.

ఇరువదవ శతాబ్దమున హిరోషిగే మార్గమును కొనసాగించినవారిలో కవసే హసుయి ఒకడు. 1923లో టోక్యో ప్రాంతమును నేలమట్టము చేసిన భూకంపమునకు తోడు మంటలు చెలరేగినవి. ఆయన ప్రకాశకుడైన వతనబె దుకాణము, చెక్కిన పలకలు దగ్ధమైనవి. ఆయన యేండ్ల తరబడి నింపుకొన్న చిత్రపు పుస్తకములును బూడిద యయ్యెను. ఆయన మరల సంచి తగిలించుకొని ఊళ్లు తిరుగ బయలుదేరెను. కొత్త పుస్తకములు నింపెను. 1932లో వెలువడిన మయెకవ వాన చిత్రమున ఒక పల్లె వీథిలో చీకటి, తడి నేలపై ఇంటి దీపపు వెలుగు, దానిపై వానగీతలు. కాలిపోయిన పలకల వెనుక ఆ గీతలను మరల చెక్కగల చేతులు మిగిలి యుండుటచేతనే అది సాధ్యమైనది. చిత్రము పోయినను చేయి మిగిలినచో కళ మిగులును. చేయి పోయినచో చిత్రము ప్రదర్శనశాలలో మాత్రమే మిగులును.

తెలుగునాట చేతులున్నవి: పెడనలో చెక్కపై, నిమ్మలకుంటలో తోలుపై, ధర్మవరము మగ్గములపై. మాటలున్నవి: ముసురు మొదలు వానకాళ్ల వరకు. ఆ మాటను ఆ చేతితో కలుపువారు కావలెను. అట్టివారిని ప్రోత్సహించుట కళాశాలల విధి, సాంస్కృతిక సంస్థల విధి, ఊరి బడిలో చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయుని విధి. వాన వచ్చుట మనుష్యుని చేతిలో లేదు. వచ్చిన వానను చూడకుండ పోనిచ్చుట మాత్రము అతని లోపమే.